ఆధునిక కవితాకథానికల ప్రేరణ: ఒక కాలక్రమ పరిశీలనము

కావ్యమునకు హేతువులెవ్వి అను ప్రశ్నకు మన ఆలంకారికులు ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసము అని మూడు సమాధానములు చెప్పిరి. మూడును కవియందే ఉన్నవి. కవిని కదలించిన బాహ్యవస్తువును వారు హేతువులలో చేర్చలేదు. అయినను ఆనందవర్ధనుడు ఆదికవి శోకమే శ్లోకమైనదని చెప్పి, కావ్యజన్మకు ఒక సంఘటనతో సంబంధమును చూపెను. క్రౌంచవధను చూచిన క్షణముననే శ్లోకము పుట్టినదనుట అందరెరిగిన విషయము. కాని ఆ ఘట్టము బాలకాండమున రెండవ సర్గములోనిది. మొదటి సర్గముననే వాల్మీకి నారదుని కలసి, ఈ లోకమున గుణవంతుడెవ్వడని అడుగుచున్నాడు. అనగా శ్లోకమునకు ప్రేరణ ఒక సంఘటన. కథకు ప్రేరణ అంతకు పూర్వమే మనస్సున నిలిచియున్న ఒక ప్రశ్న. ఈ భేదము మన ఆధునిక కవులయందును, కథకులయందును ఎంతవరకు నిలుచునో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ పరిశీలనమునకు ఒక అవసరము కలదు. ఆధునిక సాహిత్యమును గూర్చి వ్రాయునపుడు మొదట ఒక ఉద్యమమును వర్ణించి, పిదప దాని ‘ప్రభావమున వెలువడిన’ కవితలను, కథలను ఒకే పట్టికలో చేర్చుట మనకు అలవాటైనది. ప్రేరణ ముందు, రచన వెనుక అను క్రమమును నిరూపింపకయే అంగీకరించుచున్నాము. తేదీలను సరిచూచినచో ఈ క్రమము కవితయందు తరచుగా నిలుచుచున్నది. కథానికయందు పలుమారులు తలక్రిందులగుచున్నది.

మొదట కవితను చూతము. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ సంపుటముగా 1950లో వెలువడినది. అందలి ప్రధాన గీతములు 1933 మొదలుకొని ఆ దశాబ్దమున వ్రాయబడినవి. సంపుటపు సంవత్సరమునే ప్రమాణముగా గొన్నచో ఆ గీతములు స్వాతంత్ర్యానంతర నిరాశకు చెందినవను భ్రాంతి కలుగును. రచనాకాలమును గమనించినచో ప్రపంచమంతటను వ్యాపించిన ఆర్థికమాంద్యము, నిరుద్యోగము, ఆకలి వాని వెనుక కానవచ్చును. కవి తన కాలపు తాకిడికి ఆ కాలముననే బదులు పలికెను.

తెలంగాణమున ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము లభించుచున్నది. నిజాము ప్రభుత్వము దాశరథి కృష్ణమాచార్యులను నిజామాబాదు జైలున బంధించినపుడు ఆయన గోడలమీద బొగ్గుతో పద్యములు వ్రాసెను. కాగితమును గాని, కలమును గాని వేచియుండనంతటి సద్యఃస్ఫూర్తి అది. ‘అగ్నిధార’ 1949లో అచ్చయినది. అదే జైలున ఆయనతో వట్టికోట ఆళ్వారుస్వామియు ఉండెను. ‘అగ్నిధార’ ఆయనకే అంకితము. ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ అను కథలను వ్రాసెను. అందు ఆయన దృష్టి నిజాముపై గాక, తోడి ఖైదీలపై నిలిచినది: వీరెవ్వరు, ఏ బ్రతుకునుండి వచ్చిరి, నేరము వీరి చేత ఎట్లు జరిగినది? గోడలొక్కటే, ప్రభుత్వమొక్కటే, మిత్రులిరువురును ఒకే పోరాటమునకు చెందినవారు. అయినను బంధన మను సంఘటన కవిచే పద్యము చెప్పించినది. బందీల స్థితి కథకునిచే విచారణ చేయించినది.

ఈ భేదమునకు ముఖ్యసాక్ష్యము కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’. శ్రీకాకుళ గిరిజనోద్యమమును ప్రస్తావించినపుడెల్ల ఈ కథను పేర్కొనుట, దానిని ఆ ఉద్యమసాహిత్యముగా బోధించుట కద్దు. కాలక్రమము దీనిని సమర్థింపదు. లేవిడి గ్రామమున 1967 అక్టోబరు 31న కోరన్న, మంగన్న అను గిరిజనులు కాల్పులలో మరణించిరి. ఉద్యమము సాయుధరూపము దాల్చుటకు ఆ ఘటన దారితీసినది. 1969లో సుబ్బారావు పాణిగ్రాహి మరణించెను. 1970 జూలై 4న విప్లవ రచయితల సంఘము ఏర్పడినది. ఉద్యమగీతములును, విప్లవ కవితయు ఈ సంవత్సరములను అనుసరించియే వచ్చినవి. ‘యజ్ఞం’ ప్రకటితమైనది 1964లో. లేవిడి ఘటనకు మూడేండ్లు ముందు.

అట్లయిన రామారావుగారిని ప్రేరేపించినదేమి? కథయే సమాధానము చెప్పుచున్నది. సుందరపాలెమున అప్పల్రాముడు పడిన అప్పును గూర్చి పంచాయతీ జరుగుచున్నది. పెద్దలు దుర్మార్గులు కారు. శ్రీరాములునాయుడు ధర్మము తప్పనివాడని పేరుపొందినవాడు. ఊరు అభివృద్ధి చెందినది. పత్రము సరియైనది, లెక్క సరియైనది, తీర్పును న్యాయముగనే కనిపించును. ఆ న్యాయము చివర అప్పల్రాముని కొడుకు సీతారాముడు, తన బిడ్డ బానిస కారాదని, ఆ బిడ్డనే చంపుచున్నాడు. ఇచట ఏ ఒక్క వార్తయు ప్రేరణగా కానరాదు. అందరును ధర్మముగా నడచుచుండగా ఒక కుటుంబము ఎట్లు నశించినదను ప్రశ్నయే ప్రేరణ. ఉద్యమమును చూచి కథకుడు ఈ కథ వ్రాయలేదు. ఉద్యమమునకు కారణమైన స్థితినే ముందుగా చూచెను.

ఇట్టి చూపునకు మూలము మన కథానిక తొలినాళ్లలోనే కలదు. ‘దిద్దుబాటు’ (1910) వ్రాసిన గురజాడ, అంతకుముందు 1897లో ‘కన్యాశుల్కము’నకు సంతరించిన పీఠికలో తన ప్రేరణను దాచలేదు. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టికను విజయనగర మహారాజు సేకరింపించెను. సంఖ్య 1,034. వధువులలో 99 మంది ఐదేండ్లవారు. ముగ్గురు ఒక్క ఏడాదివారు. ఒక వివాహమును చూచి కంట తడిపెట్టుట పద్యమునకు చాలును. వేయికి పైబడిన వివాహములు ఒకే తీరున జరుగుచున్నవన్నపుడు అది సంఘటన కాదు, వ్యవస్థ. వ్యవస్థను చూపుటకు పాత్రలు, బేరములు, మాటల తీరు కావలెను.

సంఘటనయే వస్తువైన కథలు లేవా అను ఆక్షేపణ రావచ్చును. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథానికల పోటీలో 1952లో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ యందు తుపానే వస్తువు కదా! కాని అందు తుపాను, రావుగారు తన చుట్టును కట్టుకొన్న నియమముల గోడను కూల్చుటకు వచ్చినది. ఒక బిచ్చగత్తె యెదుట ఆ గోడ ఏపాటిది అనునదియే కథకుని ప్రశ్న.

ఇటీవలి కాలమునను ఈ భేదము నిలిచియే ఉన్నది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేయబడిన తరువాతి సంవత్సరములలో తెలుగున ముస్లిం కవిత ఒక ప్రత్యేక స్వరముగా రూపొంది, 1998లో ‘జల్‌జలా’ సంకలనమైనది. ‘భూకంపము’ అను అర్థముగల ఆ పేరే సంఘటనాఘాతమును తెలుపుచున్నది. మరుసటి సంవత్సరమే మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ పుస్తకముగా వచ్చినది. అందు భూకంపము లేదు. నెల్లూరుసీమ యాస కలదు, అమ్మ కలదు, నాయన కలడు, ఇంటి యిబ్బందులు కలవు. ఒకే సమాజము, ఇంచుమించు ఒకే కాలము. ప్రేరణలు మాత్రము రెండు తీరులు.

ఈ సూత్రమునకు అపవాదము లేకపోలేదు. జాషువా ‘గబ్బిలం’ (1941) పద్యకావ్యమే; అయినను దానికి ప్రేరణ తరతరముల అస్పృశ్యత గాని, ఒకనాటి ఘటన కాదు. అయితే జాషువా అచట ఒక అభాగ్యుని పాత్రగా నిలిపి, గబ్బిలమును దూతగా జేసి, కాశీకి సందేశము పంపించెను. అనగా కథనమును ఆశ్రయించెను. కావున ఈ భేదమును పద్యగద్యములకు గాక, భావగీతమునకును కథనమునకును అన్వయించుట యుక్తము.

దీనివలన పరిశోధకులకు కలుగు ప్రయోజనము చిన్నది కాదు. కథను ఉద్యమమునకు అనుబంధముగా జూపినపుడు కథకుని ముందుచూపును మనము అతనినుండి అపహరించినవారమగుదుము. దీనికి ప్రతిక్రియ తొలి ప్రకటనను వెదకుట. సంపుటపు సంవత్సరము చాలదు, పత్రికను చూడవలెను. రామారావుగారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించి, పాతపత్రికలలోని కథలను సేకరించుట ఇందులకు గొప్ప సాధనమును సమకూర్చినది. ‘యజ్ఞం’ వ్రాసిన చేయియే, తేదీలను సరిచూచుకొను వసతిని మనకు కల్పించి పోయినది. దానిని వినియోగించుకొనుట మన విధి.