గోష్త్ మానేసిన దేశంలో బోటీ పొగ

జపాన్ వాళ్లు తాతల కాలం నుంచీ ఇలా గోష్త్ కాల్చుకుని తింటున్నారనే చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. 675లో తెన్ము చక్రవర్తి హుకుం జారీ చేశాడు. వ్యవసాయపు నెలల్లో ఎద్దు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం ముట్టకూడదని! ఆ తర్వాత ఇలాంటి హుకుంలు ఇంకా వచ్చాయి. పశువు గోష్త్ తినడం తప్పనే ఖయాల్ వందల ఏళ్లు నిలిచింది. దొంగచాటుగా, దవా పేరుతో తినేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉన్నారనుకోండి. చివరికి 1872లో మెయిజీ చక్రవర్తి తానే బీఫ్ తిని, ఆ ఖబర్ లోకానికి తెలియనిచ్చాడు.

టోక్యోలోని అసాకుసాలో హలాల్ బోర్డు చూసి నేనూ మా బేగం ఒక చిన్న హోటల్లోకి వెళ్లాం. ఖాందాన్ అంతా కలిసి నడిపే దుకాణం. పెద్దాయన గోష్త్ కోస్తాడు, ఆయన బీవీ షోర్బా చూసుకుంటుంది, కూతురు వడ్డిస్తుంది. మేజా మధ్యలోనే అంగీఠీ. పల్చగా కోసిన ముక్కల్ని ఎవరికి వాళ్లు కాల్చుకుని, సోయా, వెల్లుల్లి, నువ్వుల నూనె కలిపిన చట్నీలో ముంచి తినాలి. దీన్నే యాకినికు అంటారు. మొదట నాలుక వచ్చింది, ఉప్పూ నిమ్మరసంతో. తర్వాత బోటీ! బేగం ముఖం వెలిగిపోయింది.

ఆ బోటీకి వాళ్ల పేరు హోరుమోన్. ఒసాకా యాసలో 'పారేసేది' అనే మాటలోంచి ఆ పేరు పుట్టిందని చెప్పుకుంటారు. అది నిజమైనా కాకపోయినా, తిన్నవాళ్ల హాల్ మాత్రం ఆ మాటలో కనిపిస్తుంది. కొరియా జపాన్ చేతికింద ఉన్న 1910-1945 మధ్య లక్షలమంది కొరియన్లు జపాన్ చేరారు. కొందరు రోజీ కోసం వచ్చారు, కొందర్ని జబర్దస్తీగా తెచ్చారు. యుద్ధం ముగిశాక వతన్‌కి తిరిగి వెళ్లలేనివాళ్లు చోర్ బజార్లలో పేగులూ పొట్టా కాల్చి అమ్ముకుని బతికారు. ఒసాకాలో త్సురుహాషి స్టేషన్ దగ్గర ఇప్పటికీ ఆ పొగ వాసన తగులుతుంది. అద్దెకి ఇల్లు ఇవ్వడానికి ఇష్టపడనివాళ్లు కూడా వీళ్ల దుకాణంలో లొట్టలేసుకుంటూ తిన్నారు. మన దగ్గరా ఓజ్డీ, పాయా వండిన ఇంటిని చూసి ముక్కు మూసుకునేవాళ్లకి కొదవ లేదు కదా!

రామెన్ కథా పరదేశీలదే. 1910లో అసాకుసాలోనే రైరైకెన్ అనే హోటల్ తెరిచారు. యజమాని జపనీయుడు, బావర్చీలు మాత్రం యోకొహామా చైనాటౌన్ నుంచి వచ్చిన చైనావాళ్లు. సేవయ్యా పసుపుపచ్చగా, సాగుతూ ఉండటానికి పిండిలో కాన్సుయి అనే క్షారపు నీళ్లు కలుపుతారు. మామూలు దుకాణాల్లో షోర్బా ఎక్కువగా పంది ఎముకలది. పైన వేసే ముక్క కూడా అదే. కాబట్టి మనవాళ్లు బోర్డు చూసి సరిపెట్టుకోకుండా, మిరిన్, సాకె లాంటి షరాబు పడిందా అని కూడా అడగాలి. మేము తిన్నది కోడి ఎముకల షోర్బా. మా అమ్మీ జ్వరానికి కాచిచ్చే యఖ్నీకి దగ్గరి చుట్టం!

ఇక ప్యాకెట్ రామెన్ తయారుచేసిన మొమొఫుకు ఆండో పుట్టింది తైవాన్‌లో. 1958లో ఆయన చికెన్ రామెన్ బజారుకొచ్చింది. ప్యాకెట్ ధర 35 యెన్లు. తాజా ఉడాన్ సేవయ్యా అప్పట్లో 6 యెన్లకే దొరికేది. అయినా ఎగబడి కొన్నారు.