వీధి చివరి దుకాణానికి ఎవరి మాట మీద లైసెన్సు?



మన వీధి చివర కొత్త దుకాణం వస్తోందంటే మొదట మనకు సంతోషమే. ఉప్పో పప్పో నిండుకుంటే పిల్లవాణ్ణి పంపి తెప్పించుకోవచ్చు అనుకుంటాం. తీరా వచ్చేది బ్రాందీ షాపు అని తెలిస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. ఆడపిల్ల ట్యూషను నుంచి ఏ దారిన రావాలి, సాయంత్రం గుడికి ఎలా వెళ్ళాలి, మొదటి తారీఖున జీతం ఇల్లు చేరుతుందా అని సవాలక్ష ఆలోచనలు వస్తాయి. అప్పుడు ఇరుగూ పొరుగూ కలిసి అనుకునే మాట ఒకటే: "దీనికి ఎవరు అనుమతి ఇచ్చారమ్మా? మనల్ని ఒక్కమాట అడిగారా?"

ఈ ప్రశ్న మనకొక్కరికే పుట్టింది కాదు. లైసెన్సు అనే మాటను మనకు తెచ్చిపెట్టిన ఇంగ్లండులో దీనికి అయిదు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ కథలో అడుగడుగునా ఆడవాళ్ళు ఉన్నారు. అందుకే ఈవేళ మీతో ఆ సంగతులు ముచ్చటించాలని అనుకున్నాను.

మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చుగాని, పూర్వం ఇంగ్లండులో మద్యం కాచే పని ఆడవాళ్ళదే. బార్లీ మొలకల నుంచి తీసే ఏల్ అనే పానీయం వాళ్ళకు ఇంట్లో రోజూ కావలసిందే. మన ఇళ్ళలో మజ్జిగ చిలికినట్టు అక్కడి ఇల్లాలు ఏల్ కాచేది. అది నాలుగు రోజులు దాటితే పులిసిపోతుంది. అందుకని ఇంటికి మిగిలింది అమ్మేసేది. సరుకు తయారైందని తెలియడానికి ఇంటిముందు ఒక కర్ర పాతి, దాని కొసన ఆకుల గుత్తి కట్టేది. ఊరి తరఫున ఒక మనిషి వచ్చి రుచి చూసి, కొలత సరిచూసి వెళ్ళేవాడు. ఇలా కాచే స్త్రీని బ్రూస్టర్ అనేవారు. తరవాత హాప్స్ అనే పువ్వు వేసి కాచే బీరు వచ్చింది. అది నిలవ ఉంటుంది. నిలవ ఉండే సరుకుకు పెద్ద కాగులూ, పెద్ద పెట్టుబడులూ వచ్చాయి. పెట్టుబడితోపాటు మగవాళ్ళు వచ్చారు, వ్యాపారం ఆడవాళ్ళ చేతినుంచి జారిపోయింది. పేరు మాత్రం మిగిలింది. ఏటేటా లైసెన్సులు ఇచ్చే మేజిస్ట్రేట్ల సమావేశాన్ని అక్కడ నిన్నమొన్నటి వరకూ "బ్రూస్టర్ సెషన్స్" అనే పిలిచారు!

లైసెన్సు పద్ధతి మొదలైంది 1552లో. ఏల్ దుకాణాలు మితిమీరి, కొట్లాటలు ఎక్కువయ్యాయని ఆరో ఎడ్వర్డు కాలంలో ఒక చట్టం చేశారు. ఇద్దరు స్థానిక మేజిస్ట్రేట్లు ఒప్పుకుంటేనే దుకాణం పెట్టాలి, గొడవలు జరగనివ్వనని పూచీకత్తు రాసివ్వాలి. ఈ మేజిస్ట్రేట్లు ఎక్కడినుంచో వచ్చిన ఉద్యోగులు కారు, ఆ ప్రాంతపు పెద్దమనుషులే. కాబట్టి ఎవరి ఇల్లు ఎలాంటిదో వాళ్ళకు తెలుసు. దిక్కులేని వితంతువులకు ఈ లైసెన్సు ఇస్తే, ఊరివాళ్ళు ఆమెను పోషించే భారం తప్పుతుందని అలా ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆ రోజుల్లోనే ఈ లైసెన్సుకు రెండు ముఖాలు ఉన్నాయన్నమాట. ఒకరికి అది బతుకుతెరువు, పక్కింటివాళ్ళకు తలనొప్పి.

స్థానికుల చేతిలోని ఈ తాళం తీసేస్తే ఏమవుతుందో 1830లో తెలిసివచ్చింది. జిన్ను తాగి జనం చెడిపోతున్నారు, బీరు చవకైతే దానివైపు మళ్ళుతారని ప్రభుత్వం తలపోసింది. పన్ను కట్టే గృహస్థు ఎవరైనా రెండు గినీలు చెల్లిస్తే చాలు, మేజిస్ట్రేటును అడగకుండానే బీరు అమ్ముకోవచ్చు అంది. ఇంకేముంది! ఆరు నెలలు తిరిగేసరికి ఇరవై నాలుగు వేలకు పైగా బీరు దుకాణాలు లేచాయి. ఇళ్ళ ముందుగదులే దుకాణాలయ్యాయి. జిన్ను తాగడం మానిందా అంటే అదీ లేదు. చేసిన పనిని సరిదిద్దుకుని, ఆ అధికారాన్ని తిరిగి మేజిస్ట్రేట్లకు అప్పగించేసరికి 1869 వచ్చింది. అంటే దాదాపు నలభై ఏళ్ళు!

ఈలోగా మన వంటింటికి దగ్గర సంగతి ఒకటి జరిగింది. అప్పటి ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ 1860లో భోజనశాలలకు వైన్ అమ్మే అనుమతి ఇచ్చాడు. తిండితోపాటు తాగితే మితంగా తాగుతారని ఆయన ఉద్దేశం. దుకాణాలవాళ్ళు కూడా సీసాలు అమ్ముకునే వీలు కలిగింది. దాంతో టీ పొడీ పంచదారా అమ్మే కిరాణా కొట్లలోనే వైన్ సీసాలు వెలిశాయి. సారాయి దుకాణం గడప తొక్కని గృహిణులు ఇప్పుడు సరుకులతోపాటు సీసా తెప్పించుకుంటున్నారనీ, కొట్టువాడు ఆ పద్దును "కిరాణా సామాను" అని రాస్తే భర్త చూసుకోకుండా డబ్బు కడుతున్నాడనీ 1870లలో అక్కడి పత్రికల్లో పెద్ద గగ్గోలు పుట్టింది. పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యాలు కూడా వినిపించాయి. ఇందులో నిజమెంతో, ఆడవాళ్ళమీద నింద ఎంతో మీరే ఊహించుకోండి. మగవాడు పదిమందిలో తాగితే సరదా, ఆడది ఇంట్లో తాగితే దేశానికి ముప్పు! ఆ మాట ఎలా ఉన్నా, హోటలుకూ దుకాణానికీ విడివిడిగా లైసెన్సులు ఉండటం, వాటి మంచిచెడ్డలు వేరువేరుగా చూడటం అప్పుడే బలపడింది.

ఇక ఒక వ్యాజ్యం సంగతి చెబుతాను. ఉత్తర ఇంగ్లండులో కొండల మధ్య కెంట్‌మియర్ అని ఒక మారుమూల పల్లె. అక్కడ సుసానా షార్ప్ అనే ఆవిడకు ఒక సత్రం ఉండేది. ఆమె ఏ తప్పూ చేయలేదు. అయినా మేజిస్ట్రేట్లు లైసెన్సు తిరిగి ఇవ్వలేదు. పోలీసుల కంటికి అందని చోట ఉంది, పైగా ఆ ఊరికి దాని అవసరం లేదు అన్నారు. ఆమె వదల్లేదు. కోర్టు మీద కోర్టు ఎక్కి హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. 1891లో తీర్పు వచ్చింది, ఆమె ఓడిపోయింది. లైసెన్సు అనేది శాశ్వతమైన ఆస్తి కాదు, ఏటా విచారించి ఇవ్వడానికీ మానడానికీ మేజిస్ట్రేట్లకు అధికారం ఉంది, అయితే ఆ అధికారాన్ని సొంత ఇష్టానిష్టాలతో కాక న్యాయంగా వాడాలి అన్నారు. ఊరికి అవసరం ఉందా లేదా అన్న మాటకు అలా చట్టంలో విలువ వచ్చింది. తప్పు చేయని మనిషి బతుకుతెరువు పోవడం న్యాయమేనా అని మీకు అనిపించవచ్చు. వాళ్ళకూ అనిపించింది. 1904లో మరో చట్టం చేసి, అలా మూసేసిన దుకాణాలకు నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ డబ్బు ప్రజల పన్నుల్లోంచి కాదు, మిగిలిన మద్యం వ్యాపారుల దగ్గరే వసూలు చేశారు.

పక్కనున్న స్కాట్లండువాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. 1913లో ఒక చట్టం చేసి, నిర్ణయం ఏకంగా ఓటర్ల చేతికే ఇచ్చారు. వార్డులో పదోవంతు ఓటర్లు సంతకాలు పెడితే ఎన్నిక జరపాలి. ఉన్నవి ఉన్నట్టు ఉంచాలా, నాలుగోవంతు తగ్గించాలా, పూర్తిగా మూసేయాలా అని మూడు ప్రశ్నలు. పూర్తిగా మూయాలంటే నూటికి 55 ఓట్లు పడాలి, అవి మొత్తం ఓటర్లలో నూటికి 35 మందివైనా కావాలి. 1920లో ఓట్లు మొదలయ్యేసరికి అక్కడి స్త్రీలలో చాలామందికి పార్లమెంటు ఓటు కూడా వచ్చింది. వాళ్ళు గుంపులుగా వెళ్ళి ఓటు వేశారు. హెర్రింగు చేపల రేవు అయిన విక్ అనే పట్టణం అలా మద్యం దుకాణాలు మూసుకుని, పాతికేళ్ళు, అంటే 1947 దాకా అలాగే ఉంది. కిర్కిన్‌టిల్లాక్ పట్టణం 1960ల చివరివరకూ నిలబడింది. ఒక్క మాట మాత్రం ఉంది. ఓటు వేసిన ఊళ్ళలో ఎక్కువ భాగం "ఉన్నవి ఉన్నట్టు ఉంచండి" అనే అన్నాయి. మూసుకున్న ఊళ్ళలో కూడా హోటళ్ళకు భోజనంతో అమ్మే అనుమతి ఇవ్వవచ్చు. తాగేవాళ్ళు బస్సెక్కి పక్క ఊరికి వెళ్ళారు. కాబట్టి ఓటు సర్వరోగ నివారిణి అని నేననను. కానీ ఊరి గొంతు వినిపించింది, దానికి లెక్క ఉంది.

ఇక ఈనాటి పద్ధతి. ఇంగ్లండులో, వేల్సులో 2003 చట్టం ప్రకారం, 2005 నవంబరు నుంచి ఈ అధికారం మేజిస్ట్రేట్ల నుంచి స్థానిక కౌన్సిళ్ళకు వచ్చింది. అంటే మన మునిసిపాలిటీల వంటివి. హోటలుగానీ దుకాణంగానీ పెట్టదలచినవాళ్ళు ఆ చోటనే లేత నీలిరంగు కాగితంమీద నోటీసు అంటించాలి, పత్రికలో వేయించాలి. ఇరవై ఎనిమిది రోజుల్లో ఎవరైనా తమ అభ్యంతరం రాసి పంపవచ్చు. పంపితే ముగ్గురు కౌన్సిలర్లు కూర్చుని ఇరుపక్షాలూ వింటారు. నచ్చకపోతే కోర్టుకు అప్పీలు ఉంది.

అయితే అక్కడ ఏ మాట చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది మనం గమనించాలి. చట్టం నాలుగు సంగతులే చూస్తుంది: నేరాలూ గొడవలూ అరికట్టడం, ప్రజల భద్రత, ఇరుగుపొరుగు వారికి ఇబ్బంది లేకుండటం, పిల్లలకు హాని కలగకుండటం. స్కాట్లండులో ప్రజారోగ్యం అనే అయిదోది కూడా చేర్చారు. "తాగడం పాపం" అంటే ఆ ముగ్గురూ వినరు. "మా వీధికి ఇంకో దుకాణం అవసరమా?" అన్నా వినరు. సుసానా షార్ప్‌ను ఓడించిన మాట ఈనాడు అక్కడ చెల్లదు, చూశారా! అదే "రాత్రి పదకొండు దాటాక మా గుమ్మం ముందు కేకలు వేస్తున్నారు, ఫలానా తారీఖుల్లో పోలీసులు వచ్చారు, బడి వదిలే వేళకు అక్కడ గుంపు ఉంటోంది" అని చెబితే వినక తప్పదు. దుకాణం ఆగకపోయినా వేళలు తగ్గిస్తారు, భోజనంతో తప్ప అమ్మకూడదని షరతు పెడతారు. కోపానికి విలువ తక్కువ, తారీఖుతో రాసిన కాగితానికి విలువ ఎక్కువ.

మరి మన సంగతి ఏమిటంటారా? లైసెన్సు అనే మాట ఇచ్చిన ఇంగ్లీషువాళ్ళు, ఇరుగుపొరుగును అడగడమనే అలవాటు మాత్రం మనకు ఇవ్వలేదు. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కింద మనకు వచ్చింది పాటల పద్ధతి. ఎవరు ఎక్కువ పాట పాడితే వాళ్ళదే దుకాణం. అక్కడ చూసింది ఖజానా, వీధి కాదు. స్వరాజ్యం వచ్చాక కూడా సారా పాటలు సాగాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అడ్డుకున్నది ఈ పాటలనే. వర్ధినేని రోశమ్మ పేరు మీకు తెలిసిందే. రాత్రిబడిలో చదువుకుంటూ, ఊళ్ళోకి సారా రానివ్వమని నిలబడ్డారు. ఆ నిప్పు రాష్ట్రమంతా రాజుకుని 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. 2023లో తెలంగాణలోనూ, 2024లో ఆంధ్రప్రదేశ్‌లోనూ దుకాణాలు లాటరీ తీసి ఇచ్చారు. పాట పోయి చీటీ వచ్చింది గాని, మధ్యలో ఆ వీధి ఆడవాళ్ళను అడిగే ఘట్టం లేదు.

అలాగని మన దేశంలో ఎక్కడా లేదనుకోకండి. గిరిజన ప్రాంతాల కోసం 1996లో వచ్చిన కేంద్ర చట్టం, మత్తుపదార్థాల అమ్మకాన్ని అదుపుచేసే అధికారం గ్రామసభలకూ పంచాయతీలకూ ఉండాలంది. పట్నంలో డిగ్రీలు చదివిన మనకు లేని హక్కు అడవిలోని చెల్లెలికి కాగితంమీద ఉంది! మహారాష్ట్రలో అయితే వార్డులోని స్త్రీలలో నాలుగోవంతు మంది అర్జీ పెడితే ఓటింగు జరుపుతారు. నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా అని రెండు గుర్తులు. సగానికి మించి పడుకున్న సీసాకు ఓటేస్తే దుకాణం మూతే. అక్షరం రాని అమ్మమ్మకు కూడా అర్థమయ్యే గుర్తులు కదూ!

సోదరీమణులారా, ఈ అయిదు వందల ఏళ్ళ కథలో నాకు కనిపించిందొకటే. తాళం చెవి వీధివాళ్ళకు దూరమైన ప్రతిసారీ దుకాణాలు పెరిగాయి. దగ్గరైన ప్రతిసారీ పూర్తిగా పోకపోయినా ఒక హద్దులో ఉన్నాయి. బడికీ గుడికీ ఎంత దూరం ఉండాలి, ఏ వేళకు మూయాలి అన్న నిబంధనలు మనకూ ఉన్నాయి. వాటిని తెలుసుకోవడం, జరిగినదాన్ని తారీఖువేసి ఒక నోటుబుక్కులో రాసుకోవడం, నలుగురూ సంతకాలు పెట్టి కలెక్టరుగారికీ ఎక్సైజు అధికారికీ అర్జీ ఇవ్వడం మన చేతిలో పని. పాలవాడి లెక్కా చాకలి పద్దూ తప్పు పోకుండా రాసే మనకు ఈ లెక్క ఒక లెక్కా? రేపు ఓటు అడగడానికి మీ గుమ్మంలోకి వచ్చిన కౌన్సిలరును, మంచినీళ్ళ కొళాయి సంగతితోపాటు ఈ మాట కూడా అడగండి: "మా వీధిలో దుకాణం పెట్టేముందు మమ్మల్ని అడిగే చట్టం ఎప్పుడు తెస్తారు?" అని.

సెలవు.