1001 ఎవరు?

నాన్న పోయిన ఏడాదికి, ఏలూరులో మా ఇంటి పాత కంప్యూటర్లో ఆయన అకౌంటు తీసేశాను. అది లినక్స్ మెషీను. అకౌంటు తీసినా ఫైళ్ళు ఉంచాను: స్కాన్ చేసిన ఉత్తరాలు, కొల్లేటి కొంగల ఫొటోలు, ఇంటి ఖర్చుల లెక్కలు. వేసవి సెలవులకి మా మేనల్లుడు వచ్చి తనకో అకౌంటు కావాలన్నాడు. ఇచ్చాను. మర్నాడు చూస్తే నాన్న ఫైళ్ళన్నిటికీ యజమానిగా వాడి పేరుంది.

వాడేమీ చెయ్యలేదు. కంప్యూటరుదీ తప్పు కాదు. నాన్న నంబరు 1001. అది ఖాళీ అయింది కాబట్టి తర్వాత వచ్చినవాడికి ఇచ్చేసింది. తప్పు నాది. అదెందుకు అలా జరుగుతుందో చెప్పాలంటే యాభయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రాసినవాళ్ళు ఫైలు పక్కన యజమాని పేరు రాయలేదు, నంబరు రాశారు. దాన్నే యూఐడీ అంటాం. గుంపుకైతే జీఐడీ. ఏ నంబరు ఎవరిదో చెప్పే పట్టీ వేరే ఫైల్లో ఉంటుంది. మనకు తెర మీద కనిపించే పేరు ఆ పట్టీ చూసి అప్పటికప్పుడు చెప్పేదే. తొలి యూనిక్స్‌లో ఈ నంబరుకి ఒక్క బైటే కేటాయించారు. అంటే 0 నుంచి 255 దాకా. గదిలో ఒకటే మెషీను, ఒకటే పట్టీ. అప్పటికి అది చాలు.

చిక్కు 1984లో వచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్‌తో ఒక మెషీను ఫైళ్ళు ఇంకో మెషీను నుంచి తెరవడం కుదిరింది. కానీ తీగ మీద వెళ్ళేది పేరు కాదు, నంబరే. ఇవతలి మెషీను “నేను 1001” అంటే అవతలిది నమ్మేస్తుంది. ఏ పట్టీలో 1001 అని అడగదు. అందరికీ ఒకటే పట్టీ ఉండాలని సన్ వాళ్ళే ఎల్లో పేజెస్ అనే ఏర్పాటు తెచ్చారు. ఆ పేరు బ్రిటిష్ టెలికాం ట్రేడ్‌మార్క్ కావడంతో దాన్ని ఎన్‌ఐఎస్ అని మార్చుకున్నారు. ఒక్క ఆఫీసులో అది పనిచేసింది. బయటి లోకంలో ఎవరి లెక్క వాళ్ళదే. మామూలు మనుషుల నంబర్లు డెబియన్‌లో 1000 నుంచి, మ్యాక్‌లో 501 నుంచి మొదలవుతాయి. గుంపు నంబరు 20 మ్యాక్‌లో ‘స్టాఫ్’. అదే 20 డెబియన్‌లో ‘డయలవుట్’, అంటే ఒకప్పటి మోడెమ్ వాడేవాళ్ళ గుంపు.

ఇది చదివి నవ్వుకునే ముందు మా ఊరి సంగతి చూడండి. 1859లో జిల్లాలు మార్చినప్పుడు ఏలూరు గోదావరి జిల్లాలో పడింది. 1904లో కృష్ణా జిల్లాకి వెళ్ళింది. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడి, ఏలూరే దానికి కేంద్రమైంది. 2022 ఏప్రిల్ 4న తన పేరుతోనే జిల్లా అయింది. ఊరు అంగుళం కదల్లేదు. 1910 నాటి కాయితం కావాలంటే మాత్రం కృష్ణా జిల్లా దస్త్రాల్లో వెతకాలి. పశ్చిమ గోదావరి కింద వెతికితే మన ముత్తాత లేనట్టే. అదే 2022లో కొల్లేటి అవతలి కైకలూరు కృష్ణా నుంచి మాతో కలిసింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది.

అయినా బళ్ళ నంబర్లకి మాత్రం ఏ గొడవా రాలేదు. కైకలూరు పాత బండి మీద ఏపీ 16, ఏలూరు పాత బండి మీద ఏపీ 37. ఇప్పుడు రెండూ ఒకే జిల్లాలో తిరుగుతున్నాయి. చివరి అంకెలు కలిసినా బళ్ళు కలిసిపోవు. ఎందుకంటే ఆ నంబరు తన పట్టీ పేరు తనే మోసుకు తిరుగుతుంది.

1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ చేసింది ఇదే. అందులో మనిషి గుర్తు ఒక పొడుగాటి ఎస్‌ఐడీ. ముందు భాగం ఏ మెషీను, ఏ డొమైన్ అన్నది చెబుతుంది. చివరి అంకె మనిషిది. విండోస్ మనిషి లినక్స్ సర్వర్లోకి వస్తే ఆ ఎస్‌ఐడీకి సరిపడా ఒక యూఐడీ కట్టబెట్టే పని సాంబాది. వచ్చిన వరసలో నంబరిస్తే రెండు సర్వర్లు ఒకే మనిషికి రెండు నంబర్లిస్తాయి. ఎస్‌ఐడీ చివరి అంకె నుంచి లెక్కగట్టి ఇస్తే ఎక్కడైనా ఒకటే వస్తుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ కూడా నాలుగో రూపంలో, 2000లో, నంబరు బదులు పేరూ డొమైనూ కలిపి పంపే పద్ధతికి వచ్చింది. రెండు వైపులా డొమైన్ కలవకపోతే యజమాని ‘నోబడీ’ అని చూపిస్తుంది. ఎవరూ కాదు! కొత్తలో దీన్ని చూసి విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు అది నిజాయితీ అనిపిస్తోంది. తెలియనప్పుడు ఎవరో ఒకరి పేరు అంటగట్టడం కంటే తెలియదనడమే నయం.

నా అదృష్టం, ఒక్క రోజులోనే చూసుకున్నాను. మేనల్లుడి ఫైళ్ళు ఇంకా వాడి ఫోల్డరు దాటలేదు. వాటిని 1002కి మార్చి, వాడికి ఆ నంబరే ఇచ్చాను. నెల రోజులు గడిచి, నాన్న ఫోల్డర్లలో వాడూ ఏవో దాచుకుని ఉంటే, నంబరు చూసి ఏది ఎవరిదో తేల్చడం కుదిరేది కాదు. తేదీలు చూసి ఊహించుకోవలసిందే.

తర్వాత నాన్న పేరు మళ్ళీ పట్టీలో రాశాను. లాగిన్ కుదరకుండా మూసేశాను. ఆ అకౌంట్లోకి ఇక ఎవరూ రారు. 1001 మాత్రం ఇంకెవరికీ వెళ్ళదు.