ఆసు లెక్క – ఒక చిన్న యంత్రం చేనేతకు చేసిన మేలు

చిన్న వృత్తులు చేసుకొని బతికేవారికి యంత్రాలు మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అన్న ప్రశ్న ఈనాటిది కాదు. ఇంగ్లండులో 1733లో జాన్ కే అనే ఆయన తాడు గుంజితే నాడె దానంతట అదే అటూ ఇటూ పరుగెత్తే ఏర్పాటు కనిపెట్టాడు. ఒక మనిషి చేత ఇద్దరి పని అవుతుంటే తమ పొట్ట కొడుతున్నాడని అక్కడి నేతగాళ్ళు ఆయన మీద కక్ష కట్టారు. చివరికి ఆయన ఫ్రాన్సుకు వెళ్ళిపోయి అక్కడే చనిపోయాడు. ఆ పద్ధతినే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి మన దక్షిణాది నేతగాళ్ళకు అలవాటు చేయడానికి పూనుకున్నాడు. ఈ రోజు అదే ఏర్పాటు మన ఊళ్ళ మగ్గాల మీద ఉన్నది. దానిని ఒక యంత్రమని ఎవరూ అనుకోరు.

కాబట్టి యంత్రం మంచిదా చెడ్డదా అని కాకుండా, ఆ యంత్రం ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి కష్టాన్ని తగ్గించింది, మిగిలిన పైసలు ఎవరికి చెందాయి అని అడగడం న్యాయంగా ఉంటుంది. ఈ మూడు ప్రశ్నలకు మన నల్లగొండ జిల్లాలోనే పుట్టిన ఒక యంత్రం చక్కని జవాబు చెప్పింది. దాని చరిత్రను మన సంఘ సభ్యులకు, ముఖ్యంగా నేటి పిల్లలకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన ప్రాంతపు నేత

మర్రిగూడ అనగానే బయటివారికి గుర్తుకు వచ్చేది ఫ్లోరైడ్ నీళ్ళు. కానీ మన చుట్టుపక్కల గట్టుప్పల్, పుట్టపాక వంటి గ్రామాలు నేతకు పెట్టింది పేరు. పుట్టపాక తేలియా రుమాలు సంగతి చెప్పనక్కరలేదు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి తయారుచేసే ఆ పని మొదట చీరాలలో పేరు పొందింది. తరువాత అక్కడ తగ్గిపోయినా పుట్టపాక వారు నిలబెట్టారు. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన్ గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ లభించింది. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇక పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే గారికి వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాల భూమి ఇచ్చి భూదానోద్యమానికి నాంది పలికిన గ్రామమని మనమంతా చదువుకున్నాం. అదే పోచంపల్లి పట్టు చీరలతో దేశమంతటా పేరు తెచ్చుకున్నది. 2016 అక్టోబరులో జిల్లా విడిపోయి పోచంపల్లి, పుట్టపాక యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయినా, సర్వీసంతా ఉమ్మడి జిల్లాలో గడిపిన మనకు అన్నీ మన ఊళ్ళే.

ఆసు అంటే ఏమిటి?

నేత గురించి తెలియనివారికి ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మామూలు చీరలో బట్ట నేసిన తరువాత రంగు అద్దవచ్చు. చిటికి పనిలో అట్లా కాదు. నేయకముందే దారానికి అక్కడక్కడ కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు పట్టదు. అట్లా రంగులు వేసిన దారం మగ్గమెక్కినప్పుడు పోగు పక్కన పోగు కుదిరి పువ్వు, ఏనుగు, చిలుక తేలుతాయి. పోగు వెంట్రుకవాసి జరిగినా చిలుక ముక్కు వంకరపోతుంది.

కట్లు కట్టాలంటే ముందు ఆ దారాన్ని లెక్క ప్రకారం వరుసలుగా పరచుకోవాలి. ఆ పనే ఆసు పోయడం. ఒక చట్రానికి ఒక పక్క ఒక మేకు, ఎదుటి పక్క అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉంటాయి. మధ్య మేకు నుంచి ఎదుటి మేకుకు, అక్కడి నుంచి మళ్ళీ మధ్య మేకుకు దారాన్ని చేతితో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఇట్లా ఆడాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. ఒక్కొక్క విసురు ఒక మీటరు అనుకున్నా రోజుకు 18 కిలోమీటర్లు. ఆరు రోజులు పోస్తే నల్లగొండ నుంచి హైదరాబాదుకు ఉన్న దూరమంత అయింది. ఆ దూరమంతా కాళ్ళు కాదు, ఒక ఆడమనిషి భుజమూ మోచేయీ నడవాలి.

అవును, ఆసు పోసేది ఎక్కువగా ఆడవారే. ఒక్క చీరకు నాలుగు నుంచి ఆరు గంటలు పట్టేది. కొన్నేళ్ళు పోసేసరికి భుజాలు పడిపోయేవి. ఈ పని చేయవలసి వస్తుందని మగ్గమున్న ఇంటికి పిల్లనివ్వడానికి వెనుకాడినవారు కూడా ఉన్నారు. ఫ్లోరైడ్ నీళ్ళతో కీళ్ళు బిగుసుకుపోయిన మన మర్రిగూడ వైపు మనిషికి ఆ పని ఎంత నరకమో ఊహించుకోవచ్చు. ఇప్పుడు కృష్ణా నీళ్ళు కుళాయికి వస్తున్నా, పాత నీళ్ళు చేసిన వంకరలు తీరేవి కావు.

లెక్కకు రాని కూలి

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక నా దృష్టి మొదట లెక్కల మీదికి పోతుంది. చీర ఖర్చు కట్టేటప్పుడు పట్టు ఎంత, రంగులు ఎంత, మజూరీ ఎంత అని రాస్తారు. మజూరీ మగ్గం మీద కూర్చున్నవాని పేరున పడుతుంది. ఆసు పోసిన భార్యకు, కండెలు చుట్టిన తల్లికి, కట్లు కట్టిన పిల్లలకు వేరే కాలమ్ ఉండదు. అంతా ఆ ఒక్క మజూరీలోనే కలిసిపోతుంది. లెక్కలో లేని ఖర్చును తగ్గించాలన్న ఆలోచన ఏ ఆఫీసుకు వస్తుంది? అందుకే మగ్గానికి ఎన్నో మార్పులు జరిగినా, ఆసు మాత్రం తాతల నాటి పద్ధతిలోనే ఉండిపోయింది. దానిని మార్చాలన్న పట్టుదల ఆ నొప్పిని రోజూ కళ్ళారా చూసిన ఇంట్లోనే పుట్టింది.

శారాజీపేట యువకుడు

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు నేత కుటుంబంలో పుట్టారు. బీదతనం వల్ల బడి మధ్యలోనే మానేసి మగ్గమెక్కారు. తల్లి లక్ష్మి గారు ఆసు పోసి పోసి భుజం లేవక బాధపడుతుంటే చూడలేక, ఆ పనికి ఒక యంత్రం చేయాలని 1992లో మొదలుపెట్టారు. ఆయనకు ఇంజనీరింగు చదువు లేదు. చేతిలో పైసలు లేవు. ఒక భాగం తయారయ్యేసరికి అప్పు, ఇంకొక భాగం కుదరక నష్టం. ఊళ్ళో నవ్వినవారు నవ్వారు. చివరికి హైదరాబాదు వెళ్ళి కరెంటు పనులు చేసుకుంటూ, మిగిలిన సమయంలో ప్రయత్నం సాగించారు.

దారాన్ని మేకు చుట్టూ తిప్పి మళ్ళీ వెనక్కు తెచ్చే కదలిక ఒక్కటే చిక్కుగా మిగిలింది. 1999లో బాలానగర్‌లో ఒక కారఖానాలో పనికి పోయినప్పుడు, అక్కడి యంత్రంలో అటువంటి కదలికే ఆయన కంటబడింది. దాన్నిబట్టి తన యంత్రానికి కావలసిన భాగం చేసుకున్నారు. అట్లా ఏడేళ్ళ కష్టం తరువాత ఆసు యంత్రం తిరిగింది. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. తరువాత దానిలో ఎలక్ట్రానిక్ పరికరాలు కూడా అమర్చి మెరుగుపరిచారు.

గ్రామాల్లోని ఇటువంటి ప్రతిభను వెతికే పల్లె సృజన సంస్థ, దాని అధ్యక్షులు విశ్రాంత బ్రిగేడియర్ పోగుల గణేశం గారు, ఈ యంత్రం సంగతి నలుగురికీ తెలియజేయడంలో తోడ్పడ్డారు. మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ లభించింది. 2019లో ఆయన జీవితం మీద ‘మల్లేశం’ అన్న సినిమా కూడా వచ్చింది. విశ్రాంత జీవితం సమాజానికి ఎట్లా ఉపయోగపడగలదో గణేశం గారిని చూసి మనం నేర్చుకోవచ్చు.

ఖర్చు తగ్గింది ఎక్కడ?

యంత్రం మీద ఒక చీర ఆసు సుమారు గంటన్నరలో అవుతుంది. రోజుకు రెండు చీరల స్థానంలో ఆరేడు చీరలకు పోయవచ్చు. ఎనిమిది చీరల వార్పు ఒకటి ఎత్తుకున్నామనుకుందాం. చీరకు అయిదు గంటల చొప్పున చేతితో 40 గంటలు. యంత్రంతో 12 గంటలు. మిగిలినవి 28 గంటలు. చేయి 72,000 సార్లు ఆడడం తప్పింది. యంత్రం ఆడుతున్నంతసేపూ మనిషి ఇంకొక పని చూసుకోవచ్చు. యంత్రమున్న ఇంటివారు పక్కింటివారికి కూలికి ఆసు పోసి ఇస్తే, నిన్నటిదాకా లెక్కలో లేని పనికి ఒక రేటు ఏర్పడుతుంది. నా దృష్టిలో ఇది సమయం కలిసిరావడం కన్నా పెద్ద మార్పు.

ఆసు యంత్రం వస్తే అది చేనేత ఎట్లా అవుతుందని అడిగేవారు ఉన్నారు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ప్రకారం మరమగ్గం కాని మగ్గమే చేతిమగ్గం. ఈ యంత్రం మగ్గాన్ని ముట్టుకోదు. పేక దారాన్ని వరుస పెట్టి ఇస్తుంది, అంతే. కట్లు కట్టేది చేతితోనే, నేసేది చేతితోనే. మరమగ్గం నేతగాని స్థానంలో కూర్చుంటుంది. ఆసు యంత్రం నేతగాని భార్య నొప్పి స్థానంలో కూర్చున్నది. ఈ రెంటికీ ఎంతో తేడా ఉన్నది.

మిగిలిన కష్టం

అయితే ఒక్క యంత్రంతో నేతగాని బతుకు బాగుపడిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. పట్టు ధర అతని చేతిలో లేదు. చిటికి డిజైను బట్ట మీద అచ్చు వేసి తక్కువ ధరకు అమ్మేవారి పోటీ ఉన్నది. యంత్రానికి పెట్టుబడి ఒక్కసారిగా కావాలి. సర్వీసులో ఉండగా నేను చూసిన ఒక సంఘటన చెబుతాను. 2004 ప్రాంతంలో ఒక నేతకారుడు ఈ యంత్రం కొనడానికి రుణం కోసం దరఖాస్తు పెట్టుకుంటే, మూడు కంపెనీల కొటేషన్లు జతపరచమని ఒక ఆఫీసువారు కాగితం వాపసు పంపారు. దేశం మొత్తం మీద ఒక్కడే తయారుచేసే వస్తువుకు మూడు కొటేషన్లు ఎక్కడి నుంచి తెస్తాడు? “సార్, ఇంకిద్దరు మల్లేశాలను నేను పుట్టించాల్నా?” అని అతను అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తున్నది. అతనికి ఆ రుణం రాలేదు. ఇంట్లో మరి రెండేళ్ళు చేతితోనే ఆసు పోశారు.

యంత్రం కనిపెట్టడానికి ఏడేళ్ళు పట్టింది. అది అవసరమున్న ఇంటికి చేరడానికి మన కాగితాల వల్ల ఎన్నేళ్ళు పట్టిందో ఎవరూ లెక్క కట్టలేదు.

మనం చేయదగినది

మన సంఘంలో రెవెన్యూ, సహకార, పంచాయతీరాజ్ శాఖల్లో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. ఏ కాగితానికి ఏది జతపరచాలో, ఏ అభ్యంతరానికి ఏ జవాబు రాయాలో మనకు తెలిసినంతగా నేతగానికి తెలియదు. మండలానికి ఇద్దరు చొప్పున ముందుకు వచ్చి, నెలకు ఒక రోజు గట్టుప్పల్, పుట్టపాక వంటి గ్రామాల్లో కూర్చొని దరఖాస్తులు నింపి పెట్టినా ఎంతో మేలు జరుగుతుంది. రెండవది, చేనేత సహకార సంఘాల ఖర్చుల పట్టికలో ఆసుకు, కట్లకు వేరే కాలమ్ పెట్టాలని మన సంఘం తరఫున ఒక వినతిపత్రం ఇవ్వాలి. కాలమ్ ఉంటే అంకె వస్తుంది. అంకె ఉంటే ఆ అంకెను చూపించి అడగవచ్చు.

ఈ రెండు ప్రతిపాదనలను రానున్న సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.