పాత వాల్వు, కొత్త ట్రాన్సీవరు: ఢిల్లీ హామ్‌ల అనుభవం

ఢిల్లీలో ఎర్రకోటకు ఎదురుగా గల లజపత్‌రాయ్ మార్కెట్టు ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరొందిన అంగడి. హామ్‌లుగా ప్రసిద్ధులైన ఔత్సాహిక రేడియో నిర్వాహకులకు ఇటువంటి అంగళ్లే చాలాకాలం పెన్నిధిగా ఉండేవి. 1939లో ప్రపంచ యుద్ధం ఆరంభం కాగానే బ్రిటిష్ ప్రభుత్వం వారి లైసెన్సులను రద్దుచేసి, పరికరాలను అప్పగించవలసిందిగా ఆదేశించింది. యుద్ధానంతరం సైన్యం వదలుకొన్న సామగ్రి బజారుకెక్కింది. అందులోని 807 వాల్వు, సొంతంగా ట్రాన్స్‌మిటరు కట్టుకొనేవారికి ప్రీతిపాత్రమైంది.

వి.యు.2 ఆర్.జి. అనే సంకేతనామంతో ప్రసారాలు జరిపిన రాజీవ్ గాంధీ కూడా ఢిల్లీ హామే. 1980ల దశకంలో దిగుమతి సుంకంలో లభించిన మినహాయింపు విదేశీ ట్రాన్సీవర్లకు దారి సుగమం చేసింది. ట్రాన్సిస్టర్లతో పనిచేసే ఈ యంత్రాల శక్తి సాధారణంగా 100 వాట్లు. కేంద్ర ప్రభుత్వం 1978లో రూపొందించిన నిబంధనలు ఉన్నతశ్రేణి లైసెన్సుదారునికి 400 వాట్ల వరకు అనుమతించాయి. ఈ అంతరాన్ని పూరించడానికి వాల్వు ఆంప్లిఫైయరే తేలిక మార్గంగా తోచేది.

అయితే రెండు తరాల యంత్రాలను ఒకే తీగతో కలపడంలో చిక్కున్నది. అమెరికాలో 1970 ప్రాంతంలో వెలువడిన హీత్‌కిట్ ఎస్.బి.-220నే చూడవచ్చు. ప్రసారానికీ స్వీకరణకూ మధ్య దారి మార్చే దాని రిలే తీగమీద నూరు వోల్టులకు మించిన విద్యుత్తు ఉంటుంది. ఆనాటి ట్రాన్స్‌మిటర్లలోని లోహపు రిలేలకు అది లెక్కలోనిది కాదు. నేటి ట్రాన్సీవరులోని చిన్న ట్రాన్సిస్టరు మాత్రం దానికి క్షణంలో ఆహుతి అవుతుంది. అమర్చిన వానికి పొగ వాసనైనా రాకపోవచ్చు. ఖరీదైన యంత్రం మూగబోయిన తరువాతనే సంగతి తెలుస్తుంది. ఉపాయం స్వల్పమే: నడుమ పన్నెండు వోల్టుల చిన్న రిలే ఒకటి పెట్టి, రెండింటినీ విడదీయాలి.

వాల్వుకు ఓర్పు ఎక్కువ. ఏరియల్ సరిగా కుదరక శక్తి వెనుకకు మరలితే ట్రాన్సీవరు తనంతట తాను శక్తిని తగ్గించుకొంటుంది; వాల్వు కొంతసేపు ఎర్రబారి ఊరుకొంటుంది. దాని ఫిలమెంటుకు మాత్రం వోల్టేజి ఎక్కువ తక్కువలు గిట్టవు. ఎస్.బి.-220లోని రెండు 3-500జెడ్ వాల్వులకు కావలసింది 5 వోల్టులే. సరఫరా హెచ్చుతగ్గులయ్యే ఇళ్లలో ఆ మాట గుర్తుంచుకోవాలి. ఢిల్లీ వేసవిలోనైతే పంకా ఆగితే అవి దక్కవు. పైగా లోపల రెండు వేల వోల్టులకు పైబడిన విద్యుత్తు! స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచే ఉంటుంది గనుక, మూత తీసే ముందు ప్లగ్గు ఊడదీసి, వేచి ఉండి, పొడవైన పిడిగల కడ్డీతో కెపాసిటర్లను భూమికి కలిపిన తరువాతనే లోపల చేయి పెట్టాలి.