పత్రికల జమాఖర్చులు

మన గ్రంథాలయపు తలుపు తెరచినంతనే చదువరి చేయి ముందుగా పోవునది వార్తాపత్రికపైకి. కావ్యముల బీరువా వంతు ఆ తరువాతనే. కావున ఈ రజతోత్సవ సంచికలో పత్రికలను గూర్చియు, ముఖ్యముగా వానిని పోషించిన ధనమును గూర్చియు నాలుగు మాటలు వ్రాయుట ఉచితమని తలంచితిని.

ఈ చరిత్రమున గోదావరీతీరమునకు ప్రత్యేకస్థానము కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున ఉపాధ్యాయులై యుండగా 1874లో ‘వివేకవర్ధని’ని ప్రారంభించిరి. తొలుత చెన్నపట్టణమున అచ్చువేయించి తెప్పించుకొనుచుండిరి. పిదప రాజమహేంద్రవరమున సొంత ముద్రాయంత్రమును నెలకొల్పుకొనిరి. లంచగొండితనమును, బాల్యవివాహాది దురాచారములను ఆ పత్రిక దాక్షిణ్యము లేక ఖండించెను. యజమానియు సంపాదకుడును ఒక్కరే. అలిగినవారు చందా మానుకొనవచ్చును గాని, కలమును పట్టి ఆపజాలరు.

వ్యాపారధనము సోకినంతనే పత్రిక చెడునని కొందరందురు. నేనట్లు తలంపను. 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో అచ్చటనే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా ఆరంభించి, 1914లో చెన్నపట్టణమున దానిని దినపత్రికగా వెలువరించిరి. తలనొప్పిమందుపై వచ్చిన లాభము తెలుగువారి పత్రికకు పెట్టుబడి యయ్యెను! వ్యాపారము పత్రికను పోషించెనే గాని, పత్రికను వ్యాపారమునకు కాపలా పెట్టలేదు.

యంత్రమొకరిది, కలము మరొకరిది యైనప్పుడు చిక్కు మొదలగును. రామ్‌నాథ్ గోయెంకాగారి యాజమాన్యమున 1938లో చెన్నపట్టణమున ‘ఆంధ్రప్రభ’ పుట్టెను. 1942 నుండి సంపాదకులైన నార్ల వేంకటేశ్వరరావుగారు దానికి గొప్ప పేరు తెచ్చిరి. పాత్రికేయుల ఉద్యోగరక్షణకై 1955లో చట్టము వచ్చెను గాని, వారి జీతములను నిర్ణయించిన మండలి తీర్పును 1958లో సుప్రీంకోర్టు కొట్టివైచెను. మరుసటియేట సమ్మె జరుగగా, యాజమాన్యము చెన్నపట్టణపు ప్రచురణను మూసి ‘ప్రభ’ను విజయవాడకు తరలించెను. నార్లవారు వైదొలగిరి. 1960 జూలై 1న కె.ఎల్.ఎన్. ప్రసాద్‌గారి పూనికతో విజయవాడలో ‘ఆంధ్రజ్యోతి’ వెలువడగా వారే దానికి సంపాదకులైరి. పదునేడేండ్లు పత్రికకు ప్రాణమైన కలమునకు ఆ పత్రికపై హక్కు లేకపోయెను; అదృష్టవశమున వేరొక యంత్రము దొరకెను. అందరికిని దొరకునా?

మన పాలకొల్లులో పుట్టిన దాసరి నారాయణరావుగారు 1984లో ‘ఉదయము’ను స్థాపించిరి. ఎ.బి.కె. ప్రసాద్‌గారు తొలి సంపాదకులు. తరువాత అది మద్యవ్యాపారమున పేరొందిన మాగుంట సుబ్బరామిరెడ్డిగారి చేతికి వచ్చెను. 1992లో నెల్లూరు సీమ స్త్రీలు సారాపై ఉద్యమించిరి. అప్పుడా పత్రిక ఏమి వ్రాసినను, చదువరి ముందుగా యజమాని వ్యాపారమును తలచుకొనవలసి వచ్చెను. వ్రాత మంచిదైనను నమ్మకము పోయిన పిదప దానికి విలువ యేమి? 1995లో ‘ఉదయము’ మూతపడెను.

లెక్కలు వ్రాయు వృత్తిలోనున్న నాకు ఒక పద్దు స్పష్టముగా కనబడును. కాగితము, సిరా, రవాణా, జీతములు కలిపిన ఖర్చుకంటె మనము పత్రికకు చెల్లించు వెల తక్కువ. ఆ లోటును ప్రకటనల సొమ్ము పూడ్చును. చౌకగా చదువుచున్నామని సంతసించుటయే గాని, మిగిలిన సొమ్ము చెల్లించువాడు ఊరక చెల్లించునా?

2009 ఎన్నికలలో ఆ సొమ్ము ప్రకటనల గడి దాటి వార్తల గడిలోనికి చొచ్చెను. అభ్యర్థుల పొగడ్తలు వెలకట్టబడి వార్తలుగా అచ్చయ్యెను; ఇది క్రయమని తెలుపు గుర్తు లేదు. పాత్రికేయుల సంఘము మన పశ్చిమగోదావరి జిల్లాలోనే దీనిపై మాదిరి పరిశీలన జరిపెను. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘపు ఇద్దరు సభ్యులలో ఒకరు తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డిగారు. వారు సమర్పించిన 71 పుటల నివేదికను 2010లో కౌన్సిల్ కుదించి ప్రకటించెను. పూర్తి పాఠము 2011లో గాని వెలుగు చూడలేదు. పత్రికల పేళ్లున్నది ఆ పూర్తి పాఠములోనే.