వరద సంచిలో గుడియాత్తం అగ్గిపెట్టె

కార్తీక మాసం వానలు దగ్గరపడుతున్నాయి. వరదొస్తే చేత పట్టుకుని బయటపడే సంచిలో మనం టార్చి, మందులు, రేషన్ కార్డు సర్దుకుంటాం. నిప్పు సంగతి మరిచిపోతాం. అగ్గిపెట్టెలు తయారుచేసే గుడియాత్తం పక్కనే ఉండి కూడా!

మన పూర్వీకుల ఇళ్ళలో చెకుముకి ఉండేది. రాయి, ఇనుప ముక్క, కాస్త దూది, అంతే. తర్వాత అగ్గిపుల్ల వచ్చింది. మొదట్లో దాని తలకు తెల్ల భాస్వరం పూసేవారు. ఎక్కడ గీసినా అంటుకునేది. కానీ ఆ విషంతో కార్మికుల దవడ ఎముకలు కుళ్ళిపోయేవి. 1844లో స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ ఎరిక్ పాష్ ఎర్ర భాస్వరాన్ని పుల్ల మీద కాకుండా పెట్టె పక్కపట్టీ మీద వాడే పద్ధతికి పేటెంటు పొందాడు. మన దేశంలో తెల్ల భాస్వరం అగ్గిపుల్లల్ని 1913 చట్టం నిషేధించింది. 1920లలో శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి ఈ పని నేర్చుకొచ్చారు. తమిళనాట ఈ పరిశ్రమ పెరిగిన ఊళ్ళలో మన గుడియాత్తం ఒకటి.

ఈ చరిత్రలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. అగ్గిపెట్టెలో నిప్పు రెండు చోట్ల ఉంది. సగం పుల్ల తలలో, సగం పక్కపట్టీలో. పుల్లలు పొడిగా ఉన్నా పట్టీ నానితే నిప్పు లేనట్టే.

2021 నవంబరు గుర్తుందిగా? చిత్తూరు కొండల నుంచి వచ్చే కౌండిన్య, మోర్దానా ఆనకట్ట నిండి పొర్లి, గుడియాత్తంలో ఒడ్డునున్న ఇళ్ళను ముంచింది. అదే నెలలో పేర్ణాంబట్టులో గోడ కూలి తొమ్మిది మంది పోయారు. ఆ డిసెంబరు 1 నుంచే అగ్గిపెట్టె ధర 14 ఏళ్ళ తర్వాత రూపాయి నుంచి రెండు రూపాయలైంది. అలాంటి రోజున ఆ రెండు రూపాయల వస్తువే పసిబిడ్డకు పాలు కాచిపెడుతుంది.

కాబట్టి మనం చేయాల్సింది ఇది. మిగిలిన కొవ్వొత్తి ముక్కల్ని గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్ళలో పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే మైనం భగ్గున అంటుకుంటుంది. పుల్లల తలల్ని అందులో ఒకసారి ముంచి ఆరబెట్టాలి. గీసే ముందు తల మీది మైనం గోటితో గీకేయాలి. కాగితపు గుడ్ల అట్ట గుంటల్లో దూదో, కొబ్బరి పీచో పెట్టి, మిగిలిన మైనం పోయాలి. గట్టిపడ్డాక ఒక్కో గుంటను కత్తిరించుకుంటే తడి కట్టెనైనా రాజేసేంతసేపు నిలిచి మండుతుంది. పుల్లల్నీ పక్కపట్టీనీ బిగుతు మూత డబ్బాలో, వేర్వేరు పొట్లాలుగా పెట్టాలి. ఇదంతా పెద్దవాళ్ళే చేయాలి, డబ్బా పిల్లలకు అందకూడదు.

ఒక్క హెచ్చరిక. వరద తీసిన ఇంట్లో గ్యాస్ వాసన వస్తే పుల్ల గీయకండి, స్విచ్చి ముట్టుకోకండి. తలుపులు తెరిచి బయటికి రండి.

ఈ ఆదివారం ఇంటికొక డబ్బా సిద్ధం చేసుకుందాం. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు మనమే చేసిద్దాం.